కొండకు అవతల గోస్లార్

ఒట్టీలియె వెర్నెకెకు అబద్ధం చెప్పడం చేతకాదు. అది మంచితనం వల్ల కాదు, మెడ వల్ల. భయమేసినా, అబద్ధం చెప్పబోయినా ముందు చెవుల కింద ఎర్రటి మచ్చలు పుట్టేవి, తర్వాత మెడంతా పాకేవి. చిన్నప్పుడు జాడీలో ప్లమ్ జామ్ తగ్గిందంటే అక్క గెజీనె ముందు చెల్లెలి మెడ చూసి, ఆ తర్వాతే అమ్మను పిలిచేది. పెద్దయ్యాక ఒట్టీలియె వేసవిలో కూడా మెడకు రుమాలు కట్టుకునే తిరిగింది.

ఆమెది క్వెడ్లిన్‌బుర్గ్. పూలవిత్తనాల గిడ్డంగిలో పొట్లాలు కట్టే పనికి పెళ్లికాని పిల్లగా చేరి, నెరిసిన జుట్టుతో బయటికొచ్చింది. గదినిండా ఆడవాళ్లు ఉండేవారు. ఒకరి మొగుడి గురించి ఒకరు, ఒకరి అత్త గురించి ఒకరు వాగుతూనే ఉండేవారు. ఒట్టీలియె మాత్రం ముద్ద మింగినట్టు మాటల్ని మింగేసేది. దానికి కారణం అందరికీ తెలుసు. ఆమె భర్త కోన్రాడ్ ఒకసారి సారాకొట్టులో ప్రభుత్వం మీద ఒక జోకు వేశాడు. ఆ వారంలోనే ఇద్దరు మనుషులొచ్చి తీసుకెళ్లారు. రెండు చలికాలాలు గడిచాక తిరిగొచ్చిన కోన్రాడ్ అదే కోటుతో, అదే టోపీతో వచ్చాడు గానీ మనిషి వేరు. చచ్చిపోయేదాకా మళ్లీ జోకు వేయలేదు, ఇంకొకరు వేస్తే నవ్వనూ లేదు. అప్పటినుంచి ఆమె ఇంట్లో కూడా గుసగుసగానే మాట్లాడేది. గోడ అవతల ఎవరుంటారో ఎవరికి తెలుసు!

హార్జ్ కొండలకు ఇవతల క్వెడ్లిన్‌బుర్గ్, అవతల గోస్లార్. రెండూ ఒకే రాజులు కట్టించిన పాత ఊళ్లు, రెండింట్లోనూ అవే చెక్కచట్రాల ఇళ్లు, అవే ఇరుకు సందులు. గెజీనె యుద్ధం అయిన కొత్తలోనే పెళ్లి చేసుకుని గోస్లార్ వెళ్లిపోయింది. ఆ తర్వాత దేశం రెండు ముక్కలైంది, క్వెడ్లిన్‌బుర్గ్ తూర్పు దేశంలో, గోస్లార్ పడమటి దేశంలో పడ్డాయి, కొండ మీద ముళ్లకంచె లేచింది. అక్కడి పిట్ట ఇక్కడికి పొద్దుటి పూట వచ్చి పోగలదు గానీ, తూర్పువాళ్లకు అరవై నిండితే తప్ప దాటే దారి లేదు. పింఛను వాళ్లు తిరిగి రాకపోయినా ప్రభుత్వానికి బెంగలేదు, ఒక పింఛను మిగులుతుంది.

పంతొమ్మిదివందల ఎనభై మూడు వసంతంలో ఒట్టీలియెకు అరవై నిండాయి. గెజీనె ఉత్తరం మీద ఉత్తరం రాసింది. వెళ్లనంటే అక్క ఊరుకోదు, వెళ్లాలంటే కాళ్లు రావు. చివరికి వణుకుతూనే అనుమతికి దరఖాస్తు పెట్టింది. అనుమతి వచ్చేసింది.

ఆ కబురు ఆమెకంటే ముందు మెట్లమీద అందరికీ తెలిసింది. కింద వాటాలో ఉండే కూబిట్స్ పనే అది. ఎవరింటికి ఎవరొచ్చారు, ఎప్పుడు పోయారు అని కనిపెట్టి పై అధికారులకు చేరవేయడం అతని బాధ్యత. అతను దాన్ని దాచేవాడు కూడా కాదు.

ఒట్టీలియె బట్టలు ఆరేయడానికి అటక మీదికి వెళ్లినప్పుడు పక్కవాటా ఆల్ముట్ వెనకే వచ్చి తలుపు దగ్గరగా వేసింది. ఆల్ముట్ బాలబడిలో టీచరు, ముప్పై దాటని పిల్ల. ఆమె భర్త హార్ట్‌విగ్ వడ్రంగి. కిందటేడు సెలవులకని హంగరీ వెళ్లి, అటునుంచి అటే పడమటి దేశానికి దాటేశాడు. పాప సిల్కెకు అప్పుడు ఆరేళ్లు.

“ఫ్రావ్ వెర్నెకె, ఒక్క సాయం చేస్తారా?”

ఏ సాయమో అడక్కుండానే ఒట్టీలియె మెడ వేడెక్కింది. “నాకేం తెలీదమ్మా. నన్నేమీ అడక్కు.”

“ఆయన అవతల హిల్డెస్‌హైమ్‌లో ఉన్నాడని మాత్రం తెలిసింది. సెయింట్ మైకేల్ చర్చి వెనకాల వాళ్ల మామయ్య వడ్రంగి షెడ్డు ఉంది. ఒక్క ఉత్తరం కూడా నాకు చేరలేదు. రాశాడో, రాయలేదో, రాస్తే ఎవరి దగ్గర ఆగిందో!” ఆల్ముట్ తడిదుప్పటిని తాడుమీద వేస్తున్నట్టు చేతులు ఆడిస్తూనే మాట్లాడింది. “నన్నూ పాపనూ రమ్మంటున్నాడా లేదా, అది అడిగి రండి చాలు. రమ్మంటే వెళ్లిపోతామని దరఖాస్తు పెడతాను. పెట్టిన మర్నాడే ఉద్యోగం పోతుంది, పోనీ. కానీ ఆయన మనసులో మేం లేకపోతే, ఉన్నది కూడా ఊడగొట్టుకుని పిల్లతో ఎక్కడ నిలబడను?”

“సరిహద్దులో అడిగితే నేను చెప్పేస్తాను ఆల్ముట్. నా సంగతి నీకు తెలీదు. వాళ్లు కళ్లెర్రజేస్తే చాలు, అంతా కక్కేస్తాను. నీకూ నాకూ ఇద్దరికీ ముప్పే.”

ఆల్ముట్ దుప్పటి అంచులకు క్లిప్పులు పెట్టింది. ఖాళీ బుట్ట తీసుకుని దిగిపోయింది. ఆ తర్వాత ఎదురుపడినా నవ్వి తప్పుకునేదే గానీ ఆ ఊసెత్తలేదు. అడిగి ఉంటే ఒట్టీలియెకు కాదనడం సులువయ్యేది. అడగకపోయేసరికి ఆ మాట లోపల ముల్లులా ఉండిపోయింది. ప్రయాణం రోజు పొద్దున పెట్టె పట్టుకుని మెట్లు దిగబోయి, ఆగి, పక్క తలుపు మీద వేలితో గీకింది. ఆల్ముట్ తీసింది.

“చర్చి పేరు ఏమన్నావు?” అంది ఒట్టీలియె, పెదాలు కదిలీ కదలకుండా.

హాల్బర్‌ష్టాట్‌లో రైలు మారింది. మాగ్దెబుర్గ్‌లో మళ్లీ మారింది. జీవితంలో ఇంతదూరం ఒంటరిగా ఆమె ఎప్పుడూ రాలేదు. పెట్టెను కాళ్లమధ్య ఇరికించుకుని, చేతిసంచీ ఒళ్లో పెట్టుకుని, కిటికీలోంచి చర్చి గోపురాలు వెనక్కి పోతుంటే చూస్తూ, ‘సెయింట్ మైకేల్, వెనకాల షెడ్డు’ అనుకుంది. వెంటనే, అనుకోకూడదు అనుకుంది. అనుకుంటే మొహంలో కనిపిస్తుందేమో! మర్చిపోవాలని ఎంత ప్రయత్నిస్తే ఆ పేరు అంత పెద్దగా బుర్రలో గంట కొట్టింది.

బోగీనిండా ఆమెలాంటి ముసలివాళ్లే. ఎదురుగా ఒక లావుపాటి పెద్దాయన ఉడికించిన గుడ్డు ఒలుచుకుంటూ కన్నుగీటాడు. “నవ్వాలంటే ఇప్పుడే నవ్వేయండి తల్లీ. ఇంకో రెండు స్టేషన్లయ్యాక నవ్వు సామానులో లెక్కేస్తారు.”

ఎవరూ నవ్వలేదు. కోన్రాడ్ కూడా ఇలాగే కన్నుగీటేవాడని గుర్తొచ్చి ఒట్టీలియె కిటికీ వైపు తిరిగిపోయింది.

సరిహద్దు స్టేషన్‌లో రైలు ఆగినప్పుడు ఆ పెద్దాయన కూడా నోరు కట్టేసుకున్నాడు. బోగీ కింద కుక్కల గోళ్లు కంకరమీద గీసుకుంటున్న చప్పుడు. పైకప్పు మీద బూట్లు. అద్దాలకు అటూ ఇటూ తుపాకులు. పాస్‌పోర్టు అడిగిన కుర్ర సిపాయి ఫొటోనూ మొహాన్నీ మార్చి మార్చి చూసి, “ఎందుకెళ్తున్నారు?” అన్నాడు.

“అక్క,” అంది ఒట్టీలియె. 

“అక్క ఏంటి?”

“అక్కను చూడ్డానికి.”

అతని వెనకే సామాను తనిఖీ చేసే ఆవిడ వచ్చింది. మనిషి కొయ్యబారినట్టుంది. సంచీ తెరిచి రాత్రి గౌను దులిపింది, చెప్పుల్లో చెయ్యి పెట్టింది, ప్లమ్ కేకును పొడవాటి సూదితో నాలుగుచోట్ల గుచ్చింది. అడుగున చిన్న కాగితపు పొట్లాలు దొరికాయి.

“ఇవేంటి?”

“గింజలు. పూలగింజలు. మా కిటికీ తొట్లోవే, అక్కకని...”

“విత్తనాల గిడ్డంగిలో పనిచేశారని మీ కాగితాల్లో ఉంది కదా. ఇవి గిడ్డంగి సరుకు కాదని ఏంటి నమ్మకం? దిగండి.”

పెద్దాయన గుడ్డు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. ఒట్టీలియె దిగింది. ఆమె చూస్తుండగానే రైలు ఆమెను వదిలేసి వెళ్లిపోయింది. కిటికీలు లేని గదిలో, ఆకుపచ్చ రంగు సగం గోడదాకా వేసిన గదిలో, కుర్చీమీద కూర్చోబెట్టారు. కోన్రాడ్‌ను తీసుకెళ్లిన గది ఇలాగే ఉండి ఉంటుందా? ఆయన ఎప్పుడూ చెప్పలేదు.

“ఎవరైనా మీతో ఏమైనా ఇచ్చి పంపారా?” ఆ ఆవిడ బల్లమీద పొట్లాలు విప్పుతూ అడిగింది.

చెప్పేయాలనిపించింది. అదే అన్నిటికంటే భయంకరమైన సంగతి. చెప్పేస్తే ఈ గది నుంచి బయటపడొచ్చు, ఇంటికి పోయి తలుపేసుకోవచ్చు. ‘ఆల్ముట్’ అన్న పేరు నాలుక చివరికొచ్చి కూర్చుంది. కానీ ఆవిడ అడిగింది ఇచ్చి పంపారా అని. ఆల్ముట్ ఏమీ ఇవ్వలేదు. అడిగింది.

“ఏమీ ఇవ్వలేదు,” అంది ఒట్టీలియె.

“మెడకేమైంది? ఆ రుమాలు తీయండి.”

తీసింది. పొద్దున్నుంచీ ఎర్రగానే ఉన్న మెడ ఇంక ఎర్రబడటానికి చోటులేదు. “చిన్నప్పట్నుంచీ ఇంతే. మా అక్కనడగండి,” అంది ఏడుపు గొంతుతో. తలుపు దగ్గరున్న సిపాయి మొహం తిప్పుకున్నాడు. నవ్వాపుకున్నాడేమో. పొట్లాలు బల్లమీదే ఉండిపోయాయి. ఆమెను మాత్రం తర్వాతి రైలు ఎక్కించారు.

అవతలి దేశంలో మొదటి స్టేషన్ దాటగానే మరుగుదొడ్లోకి పోయి, పొద్దున తిన్నదంతా కక్కుకుంది. బ్రౌన్‌ష్వైగ్‌లో ప్లాట్‌ఫారం మారడానికి నలుగుర్ని అడిగింది. ప్రతి ఒక్కరూ నవ్వుతూ చెప్పారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక ఆ నవ్వులకూ జడిసింది.

గోస్లార్‌లో గెజీనె రెండు రైళ్లకు ఎదురుచూసి మూడోదానికి కోపంతో ఉడుకుతూ నిలబడి ఉంది. “ఎక్కడ చచ్చావే టిల్లీ! పట్టుకుపోయారేమోనని గుండె చేత్తో పట్టుకుని నించున్నా ఇక్కడ.” దగ్గరికొచ్చి చూసి గొంతు తగ్గించింది. “పట్టుకునే ఉంటారు. మెడ చూడు, ఎర్ర క్యాబేజీలా.”

గెజీనె ఇంట్లో అన్నీ ఉన్నాయి. తూర్పున దొరకని నిజం కాఫీ, నారింజపళ్లు, రంగుల టీవీ. మొగుడు పోయాక ఒక్కతే ఉంటోంది. ఒట్టీలియె వంటగదిలో కూర్చుని గుసగుసగా మాట్లాడుతుంటే అక్క చెవి ముందుకు పెట్టి వెక్కిరించేది. “గట్టిగా మాట్లాడవే. ఇక్కడ గోడలకు గోడపనే, వినే పని లేదు.” ఒట్టీలియె నవ్వేది గానీ గొంతు పెరిగేది కాదు. సాయంత్రం ఊరి చివరికి నడిస్తే హార్జ్‌లోకెల్లా ఎత్తయిన బ్రోకెన్ కొండ కనిపించేది. పుట్టినప్పట్నుంచీ చూసిన కొండే, కానీ వెనక వైపు. దాన్ని చూస్తే ఇంటికి దగ్గరగా ఉన్నట్టూ ఉండేది, ఇంక తిరిగిపోలేనేమో అన్నట్టూ ఉండేది.

రోజులు గడిచాయి. రేపు వెళ్తాను, రేపు వెళ్తాను అనుకుంటూనే వారం దాటించింది. ఒకరోజు రొట్టెకు వెన్న రాస్తూ అనేసింది. “రేపు హిల్డెస్‌హైమ్ వెళ్లొస్తా.”

“ఏముందక్కడ?”

“చర్చి. చూడాలని.”

“సరే, నేనూ వస్తా.”

“వద్దు. ఒక్కదాన్నే వెళ్తా.”

గెజీనె తల ఎత్తి చెల్లెలి మెడ చూసింది.  అరవై ఏళ్లలో మొదటిసారి ఆ మెడ గురించి ఒక్క మాట అనలేదు. మర్నాడు పొద్దున సాసేజి పెట్టిన రొట్టె కాగితంలో చుట్టి సంచీలో పెట్టి, “చీకటి పడకముందే వచ్చెయ్,” అంది. అంతే.

హిల్డెస్‌హైమ్ రైల్లో ఒక మనిషి ఎదురుసీట్లో పేపరు చదువుతున్నాడు. బూడిదరంగు కోటు. ఎంతసేపటికీ పేజీ తిప్పలేదు. ఆమె దిగితే అతనూ దిగాడు. ఆమె ఎడమకు తిరిగితే అతనూ తిరిగాడు. అంగడి అద్దం ముందు ఆగి, చేతిసంచీలో ఏదో వెతుకుతున్నట్టు నటిస్తూ అద్దంలో అతన్నే చూసింది. వెనక్కి పోదామా? స్టేషన్ ఇంకా కనిపిస్తూనే ఉంది. వెళ్లి అక్క వంటగదిలో కూర్చుంటే ఎవరడుగుతారు? ఆల్ముట్‌కు షెడ్డు దొరకలేదని చెప్పొచ్చు. కానీ తన మెడతో ఆ మాట చెప్పగలదా! అంతలో బూడిదకోటు మనిషి పూలకొట్లోకి దూరి గులాబీలు బేరమాడటం మొదలుపెట్టాడు. ఒట్టీలియె మెడ రుమాలు విప్పుకుని, అక్కడే గుమ్మం మీద కాసేపు కూలబడింది.

చర్చి వెనక రంపం చప్పుడును బట్టి షెడ్డు దొరికింది. హార్ట్‌విగ్ ఒక్కడే ఉన్నాడు, చెక్కపొట్టుతో జుట్టంతా తెల్లబడి. ఆమెను చూడగానే గుర్తుపట్టాడు. రంపం ఆపాడు. ఆ మొహంలో సంతోషం లేదు.

“ఫ్రావ్ వెర్నెకె, మీరా? మిమ్మల్ని ఎవరు పంపారు?”

“ఆల్ముట్.”

“ఆ పేరు చెప్పి ఇంకొకడు కూడా వచ్చాడు,” అన్నాడు వెనక్కి జరుగుతూ. “నా స్నేహితుణ్ణన్నాడు. తిరిగొచ్చెయ్, అన్నీ మాఫీ చేస్తారు, పెళ్లాం ఏడుస్తోంది అన్నాడు. ప్రభుత్వంవాళ్లు మీకెంత ఇచ్చారు? కాఫీపొడా? ఇంట్లో వాటా పెంచుతామన్నారా?”

“నాకా? నాకెవరు ఏమిస్తారు?”

“మీకు పర్మిషన్ ఎలా ఇచ్చారు?”

“అరవై దాటాయి కాబట్టి ఇచ్చారు!”

“మీ మెడే చెప్తోంది ఫ్రావ్ వెర్నెకె. మన వాటాల్లో అందరికీ తెలుసు దాని సంగతి. వెళ్లిపోండి. ఇంకో పూట ఇక్కడ కనిపిస్తే పోలీసుల్ని పిలుస్తా.”

అతని చెయ్యి వణుకుతోంది. ఒట్టీలియె ఆ చేతిని చూసింది. ఈ మనిషి తనను చూసి భయపడుతున్నాడు. బతుకంతా మెట్లమీద చప్పుడైతే దుప్పటి కప్పుకున్న తనను చూసి! ఎక్కడినుంచి వచ్చిందో తెలియదు, ఆమెకు కోపం వచ్చింది.

“ఇది భయమయ్యా! అబద్ధం కాదు, భయం!” అని అరిచింది. ఆ గొంతు తనదేనా అని ఆమెకే అనిపించింది. “కుక్కల మధ్య నించోబెట్టారు నన్ను. గదిలో కూర్చోబెట్టి రుమాలు విప్పించారు. నీ పెళ్లాం పేరు నాలుకమీద పెట్టుకుని, మింగుకుని వచ్చా. నీ పిల్లకు ముందుపళ్లు రెండూ ఊడాయి, ఆ సందులోంచి ఈల వేస్తోంది రోజంతా, గోడ అవతల నాకు నిద్రలేదు. రమ్మంటావా లేదా చెప్పు. లేదంటే లేదను. ఆల్ముట్ తన దారి తను చూసుకుంటుంది. నన్ను చూసి వణకడానికి సిగ్గులేదూ నీకు?”

హార్ట్‌విగ్ రంపం కింద పెట్టాడు. ఆరేడేళ్లు ఒకే గోడకు అటూ ఇటూ బతికి, ఈవిడ గొంతు ఇంత పెద్దదని అతనికి తెలియదు. ఇది ఎవరో నేర్పి పంపిన అరుపు కాదని ఆ క్షణంలో అర్థమైంది. ఎత్తుపీట మీద కూర్చుని, పొట్టు నిండిన అరచేతుల్లో మొహం దాచుకున్నాడు.

“ఈల ఎవరు నేర్పారు?” అన్నాడు, తల ఎత్తకుండానే.

“ఎవరూ నేర్పలేదు. ఊరికే వచ్చింది.”

వారం వారం రాస్తూనే ఉన్నానన్నాడు. ఒక్కటీ చేరలేదంటే నమ్మలేకపోయాడు. పాపకని చెక్కిన బొమ్మ ఒకటి అల్మారాలోంచి తీసి చేతిలో పెట్టబోతే ఒట్టీలియె రెండడుగులు వెనక్కి వేసింది. “ఏమీ ఇవ్వకు. మాట చెప్పు. మాటైతే సంచీలో దొరకదు.”

“దరఖాస్తు పెట్టమనండి. ఎన్నేళ్లయినా సరే. ఇక్కడ రెండు గదులు చూసి పెట్టాను.”

బయల్దేరే రోజున గెజీనె స్టేషన్‌లో చెల్లెలి మోచెయ్యి వదల్లేదు. “ఉండిపోవే టిల్లీ. అక్కడెవరున్నారు నీకు? రోజూ చస్తూ బతకడం ఎందుకు?”

ఉండిపోవాలని ఆమెకూ ఉంది. ఆ గది మళ్లీ చూడాల్సి వస్తుందన్న తలపుకే ఒళ్లు చల్లబడుతోంది. “ఒక మాట అప్పజెప్పాలి,” అంది. అక్క మోచెయ్యి వదిలింది.

తిరుగుదారిలో సరిహద్దు దాకా దేవుణ్ణి తలుచుకుంటూనే ఉంది. ఈసారి వచ్చిన సిపాయి చాక్లెట్లు ఎన్ని అని అడిగి, ఆవలించి, వెళ్లిపోయాడు. ఆమె నమ్మలేదు. మాగ్దెబుర్గ్ దాకా ఎవరో వెనక్కి పిలుస్తారనే కూర్చుంది.

ఇంటి గుమ్మంలో కూబిట్స్ చీపురు పట్టుకుని ఉన్నాడు. “వచ్చేశారా! మళ్లీ కనిపిస్తారనుకోలేదు. అక్కడ ఎవరెవర్ని కలిశారేంటి?”

“మా అక్కను,” అంది ఒట్టీలియె. అతను రుమాలు వైపు చూశాడు. ఆమె ఒక చాక్లెట్ పెట్టె అతని చేతిలో పెట్టి, మెట్ల కమ్మీ పట్టుకుని పైకెక్కింది.

మర్నాడు అటక మీద, తడిబట్టల మధ్య, “రమ్మన్నాడు. రెండు గదులున్నాయట. రాస్తూనే ఉన్నాడట,” అంది. ఆల్ముట్ తడిదుప్పటిని మొహానికి అదుముకుంది.

ఆల్ముట్ దరఖాస్తు పెట్టింది. అనుకున్నట్టే బాలబడి ఉద్యోగం పోయింది. ఆసుపత్రి వంటింట్లో గిన్నెలు తోమడానికి వెళ్లేది. మెట్లమీద జనం పలకరించడం మానేశారు. బళ్లో సిల్కెను వెనక బెంచీలో కూర్చోబెట్టారు. ఒకరోజు ఒట్టీలియెను కూడా పోలీసు ఆఫీసుకు పిలిపించారు. హార్ట్‌విగ్ సంగతి ఆ ఆడమనిషికి ఎవరు చెప్పారు, మీకు తెలుసా అని అడిగారు. ఒట్టీలియె నోరు తెరిచింది, అంతలోనే కళ్లు తిరిగి కుర్చీలోంచి కింద పడింది. మొహం మీద నీళ్లు కొట్టి లేపి, మళ్లీ అడిగితే మళ్లీ పడిపోయింది. ఈ ముసలిదానితో ఏమీ కాదని ఇంటికి పంపేశారు. తాను నటించలేదని, నిజంగానే భయంతో పడిపోయానని ఆమె ఆల్ముట్‌కు చెప్పుకుని సిగ్గుపడింది.

రెండో ఏడు చివర్లో అనుమతి వచ్చింది. ఒక్కరోజులో సర్దుకుని దేశం వదలమన్నారు. స్టేషన్‌కు వెళ్తే ఎవరు చూస్తారోనని ఒట్టీలియె వెళ్లలేదు. కిటికీ తెర పక్కకు లాగి, ఆల్ముట్ ఒక చేత్తో పెట్టె, ఒక చేత్తో పిల్లను పట్టుకుని సందు మలుపు తిరిగేదాకా చూసింది.

పక్కవాటాలోకి ఒక రేడియో పిచ్చి జంట వచ్చింది. ఒట్టీలియె మరుసటి వసంతంలో మళ్లీ గోస్లార్‌కు అనుమతి అడిగింది. వచ్చింది. ప్రయాణానికి ముందువారం ఒక మధ్యాహ్నం ఎవరో తలుపు తట్టారు. ఎదురువీధి దర్జీ ఇల్‌జెగార్డ్, ఎప్పుడో తప్ప పలకరించని మనిషి, గుమ్మంలో నిలబడి చేతివేళ్లు నలుపుకుంటోంది.

“ఫ్రావ్ వెర్నెకె, మీరు మళ్లీ అవతలికి వెళ్తున్నారట కదా. మా తమ్ముడొకడు అక్కడే, త్సెల్లె ఊళ్లో...”

ఒట్టీలియెకు చెవుల కింద వేడి మొదలైంది. తలుపు వేసేద్దామనుకుంది. మెట్లకిందికి ఒకసారి చూసి, ఇల్‌జెగార్డ్ చెయ్యి పట్టి లోపలికి లాగి, రేడియో మోత బాగా వినిపించే గోడపక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టింది.

“మెల్లగా చెప్పు,” అంది.